స్క్రీన్ మీద గీతలా? కొత్తది కొనేముందు మూత తీసి చూడండి

గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు నడిపే మా బావమరిది పోయిన ఏప్రిల్‌లో ఫోన్ చేశాడు.

"బావా, కంప్యూటర్ స్క్రీన్ నిండా పచ్చ గళ్ళు వస్తున్నాయి. పది నిమిషాలు పనిచేసి ఆగిపోతోంది. షాపతను వచ్చి గ్రాఫిక్స్ పోయింది, కొత్త సెట్టు తీసుకోండి అన్నాడు. తీసుకోమంటావా?"

"మూత తీసి చూశాడా?"

"లేదు బావా, ఆన్ చేసి చూశాడంతే."

సాయంత్రం వెళ్ళి సీపీయూని కొట్టు బయట అరుగు మీద పెట్టి పక్క మూత తీశాం. స్క్రీన్ మీద బొమ్మ తయారుచేసేది గ్రాఫిక్స్ కార్డు. దాని ఫ్యాను కింద, అల్యూమినియం రెక్కల సందుల్లో, ఎర్రటి కారం దుమ్ము గోనె పీచుతో కలిసి దుప్పటిలా పట్టేసి ఉంది. గాలి దూరే సందే లేదు. బ్లోయర్ పెట్టగానే ఇద్దరికీ తుమ్ములే తుమ్ములు, పక్క కొట్టు గుమస్తాతో సహా. గంటసేపు పని, చిప్ వేడిని బయటికి పంపే పేస్ట్ ఒక ట్యూబు ఖర్చు. ఆ కంప్యూటర్ మీద ఇప్పటికీ టాలీ ఎంట్రీలు పడుతూనే ఉన్నాయి.

అన్నీ ఇంత తేలిగ్గా తేలవు. నేను గుంటూరు బ్రాడీపేటలో పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. నా చేతిలోనే రెండు కార్డులు, ఒక ల్యాప్‌టాప్ నిజంగా చచ్చిపోయాయి. అయితే "గ్రాఫిక్స్ పోయింది" అనే ఒక్క మాట వెనక చాలా జబ్బులుంటాయి. కేబుల్ వదులవ్వచ్చు, మానిటర్ పోవచ్చు, కార్డుని నడిపే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, చెడచ్చు, వేడెక్కచ్చు, లోపలి భాగాలకి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ నీరసపడచ్చు, ఇవేవీ కాకపోతే బొమ్మ తయారుచేసే చిప్పే పోయుండచ్చు. చివరిదానికే పెద్ద ఖర్చు. ఏదో తేలకుండా బాగు చేయించాలా, కొత్తది కొనాలా అని తల పట్టుకోవడం అనవసరం టెన్షన్.

ముందు ఫైళ్ళు

గీతలు వచ్చినా సరే, ఏదో ఒకటి కనపడుతున్నంతసేపు మీ ఫైళ్ళన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసేయండి. మిగతా పనులన్నీ ఆ తర్వాతే. డిస్‌ప్లే పూర్తిగా పోయినా కంగారు పడక్కర్లేదు. గ్రాఫిక్స్ పోయినంత మాత్రాన డిస్క్‌లోని డేటా ఎక్కడికీ పోదు. డిస్క్ విప్పి యూఎస్‌బీ కేసులో పెట్టుకుని ఇంకో కంప్యూటర్‌లో తెరవచ్చు.

ఒక్క మెలిక ఉంది. ఈమధ్య వచ్చే చాలా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో డిస్క్ తాళం వేసి ఉంటుంది. వేరే మెషీన్‌లో పెడితే బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి ఫోన్ నుంచే వెళ్ళి, ఆ 48 అంకెల కీ ఉందో లేదో ముందే చూసి రాసిపెట్టుకోండి. సర్వీస్ షాపులో బోర్డు మార్చినా ఇదే కీ అవసరమవుతుంది.

కేబుల్, మానిటర్

డెస్క్‌టాప్ అయితే మొదట వెనక్కి వంగి చూడండి. హెచ్‌డీఎంఐ కేబుల్ దేనికి పెట్టారు? మదర్‌బోర్డు పోర్టుకా, కింద అడ్డంగా ఉన్న గ్రాఫిక్స్ కార్డు పోర్టుకా? ఇల్లు ఊడ్చేటప్పుడు కేబుల్ పీకి మళ్ళీ వేరే చోట పెట్టడం, "డిస్‌ప్లే రావట్లేదు" అని ఫోన్ చేయడం నేను చూస్తూనే ఉంటాను. కార్డు ఉన్న మెషీన్‌లో కేబుల్ కార్డుకే ఉండాలి.

తర్వాత కేబుల్ మార్చి చూడండి. ఇంట్లో టీవీ ఉంటే మానిటర్ బదులు దానికి కలపండి. టీవీలో బొమ్మ శుభ్రంగా వస్తే జబ్బు మానిటర్‌ది.

ఇంకో పరీక్షకి పైసా ఖర్చు లేదు. స్క్రీన్ మీద గీతలు కనిపిస్తున్నప్పుడే స్క్రీన్‌షాట్ తీసి, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకుని ఫోన్‌లో చూడండి. ఫోన్‌లో కూడా గీతలున్నాయంటే బొమ్మ తయారయ్యే చోటే తప్పు జరుగుతోంది, అంటే కార్డులోనో డ్రైవర్‌లోనో. ఫోన్‌లో బొమ్మ శుభ్రంగా ఉంటే తప్పు దారిలో జరుగుతోంది. కేబుల్, మానిటర్, లేదంటే కార్డు వెనక పోర్టు.

ల్యాప్‌టాప్‌కైతే మూత పరీక్ష చేయండి. ఇంజనీరింగ్ చదివే మా అన్నయ్య కూతురు ల్యాప్‌టాప్ తెచ్చి, "బాబాయ్, నాన్నని కొత్తది అడగాలి, నువ్వే చెప్పు" అంది. స్క్రీన్ మీద నిలువుగా గులాబీ గీతలు. మూతని మెల్లగా ముందుకీ వెనక్కీ వంచాను. ఒక కోణంలో గీతలు మాయం, ఇంకో కోణంలో ప్రత్యక్షం. మడత దగ్గర స్క్రీన్‌కి వెళ్ళే సన్నటి డిస్‌ప్లే కేబుల్ నలిగింది. కేబుల్ మారిస్తే సరిపోయింది. పాపం, కొత్త ల్యాప్‌టాప్ ఆశ మీద నీళ్ళు చల్లానని రెండు రోజులు మాట్లాడలేదు.

గీతలు ఎప్పుడు వస్తున్నాయి?

ఆన్ చేయగానే, కంపెనీ లోగో కనపడేటప్పుడే గీతలుంటే డ్రైవర్ తప్పు కాదు. విండోస్ అప్పటికింకా లేవనేలేదు. కేబుల్, మానిటర్ బాగున్నాయని ముందే తేల్చుకున్నారు కాబట్టి అనుమానం నేరుగా హార్డ్‌వేర్ మీదికి వెళ్తుంది. లోగో శుభ్రంగా వచ్చి, విండోస్‌లోకి వెళ్ళాకే గోల మొదలైతే డ్రైవర్‌ని అనుమానించచ్చు.

స్క్రీన్ ఒక్కసారిగా బిగుసుకుపోతే విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కండి. డిస్‌ప్లే డ్రైవర్ మళ్ళీ మొదలవుతుంది, స్క్రీన్ ఒకసారి ఆరి వెలుగుతుంది. దాంతో సర్దుకుంటే మంచి సూచనే. మెషీన్‌లోని భాగాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు మీద పసుపు గుర్తు, లోపల కోడ్ 43 కనపడితే ఆ కార్డే ఏదో సమస్య ఉందని చెప్పడం వల్ల విండోస్ దాన్ని ఆపేసిందని అర్థం. అది డ్రైవర్ వల్లా రావచ్చు, కార్డు పోయినా రావచ్చు. విండోస్ అత్యవసరమైనవాటితో మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పాత డ్రైవర్ని తుడిచేసి, కార్డు తయారీదారు సైటు నుంచి కొత్తది వేయండి. ఆ తర్వాతా కోడ్ 43 వచ్చిందంటే నేనైతే డ్రైవర్ల మీద ఇంకో గంట కూడా పెట్టను.

మూత తీయడం

గుంటూరు, విజయవాడల్లో అన్నిటికంటే ముందు అనుమానించాల్సింది వేడినీ దుమ్మునీ. రోహిణి కార్తెకి రోళ్ళే పగులుతాయంటారు, చిప్ ఎంత! ఏసీ లేని గదిలో, బల్ల కింద గోడకి ఆనించి పెట్టిన సీపీయూ మే నెలలో పడే బాధ దానికే తెలుసు. విండోస్ 10, 11లలో టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) మీద నొక్కితే విడి కార్డు వేడి ఎన్ని డిగ్రీలో కనపడుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు 40, 50 మధ్య ఉంటే ఫర్వాలేదు. పని మొదలుపెట్టగానే 90 దాటి, అప్పుడే గళ్ళు వస్తుంటే మీకు కావాల్సింది కొత్త కార్డు కాదు, బ్లోయర్.

వారంటీ ఉంటే ఇక్కడే ఆగండి. కార్డు స్క్రూ మీద స్టిక్కర్ చింపారంటే ఆ వంకతో వారంటీ ఇవ్వమనే అవకాశం మీరే ఇచ్చినట్టు. బిల్లు వెతికి, సీరియల్ నంబర్ చూసుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్ళండి. విడిగా కొన్న కార్డుకి సాధారణంగా 3 ఏళ్ళ వారంటీ ఉంటుంది. అసెంబుల్ చేయించిన సీపీయూలో ప్రతి భాగానికీ విడివిడి వారంటీ అన్న సంగతి చాలామంది మర్చిపోతారు. మెషీన్‌కి ఏడాదేనని వదిలేసుకుంటారు.

వారంటీ లేకపోతే ప్లగ్ పీకేసి, పవర్ బటన్ ఐదారు సెకన్లు నొక్కి పట్టుకుని మిగిలిన కరెంటు వదిలించండి. క్యాబినెట్ ఇనుముని ఒకసారి చేత్తో తాకండి, ఒంట్లోని స్టాటిక్ పోతుంది. కార్డుని పట్టి ఉంచే స్క్రూ తీసి, స్లాట్ చివర చిన్న లాక్ నొక్కి, కార్డుని నిటారుగా పైకి లాగండి. లాక్ నొక్కకుండా లాగి స్లాట్ విరగ్గొట్టిన మహానుభావులున్నారు, అందులో నేనొకణ్ణి.

దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో పట్టుకోండి. బ్లోయర్ గాలికి అది మామూలు వేగం కంటే ఎక్కువగా తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. కార్డు, ర్యామ్ రెండింటి బంగారు రంగు అంచుల్నీ పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెత్తగా రుద్ది, పొట్టు తుడిచి మళ్ళీ పెట్టండి. నవ్వకండి, "డిస్‌ప్లే రావట్లేదు" అని వచ్చే సీపీయూల్లో చాలా వాటికి మందు ఇదే, ఎందుకంటే ర్యామ్ సరిగ్గా తగలకపోయినా స్క్రీన్ నల్లగానే ఉంటుంది.

మూడు నాలుగేళ్ళు దాటిన కార్డు అయితే చిప్ మీద పేస్ట్ ఎండి సుద్దలా అయిపోయి ఉంటుంది. పాతది తుడిచి, కంది గింజంత కొత్త పేస్ట్ పెట్టి బిగించాలి. చుట్టూ ఉన్న మెమరీ చిప్‌ల మీద మెత్తటి ప్యాడ్‌లు ఉంటాయి, అవి చిరగకుండా చూసుకోండి. చేతికి ధైర్యం లేకపోతే షాపులో చేయించుకోండి, కానీ ఎదురుగా కూర్చుని.

పెద్ద పని మొదలుపెట్టగానే మెషీన్ టప్పున ఆగిపోయి, మళ్ళీ ఆన్ చేస్తే మామూలుగా ఉంటే ఎస్ఎంపీఎస్‌ని చూడండి. లోడ్ పడగానే అది చేతులెత్తేస్తే నింద కార్డు మీద పడుతుంది. షాపులో అరువుకి ఇంకోటి పెట్టి చూడమనండి, పది నిమిషాల పని.

ఇవన్నీ అయ్యాక చివరి పరీక్ష: కార్డు తీసేసి, కేబుల్‌ని మదర్‌బోర్డు పోర్టుకి కలిపి రెండు రోజులు వాడండి. ఏ ఇబ్బందీ లేకపోతే మిగతా మెషీన్ బాగుంది, తప్పు కార్డుది. ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉంటేనే ఇది కుదురుతుంది. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్నవాటిలో ఉండదు. అప్పుడు తెలిసినవాళ్ళ మెషీన్‌లో మీ కార్డు పెట్టి చూడటమే దారి.

డెస్క్‌టాప్‌లో కార్డే పోతే

ఈ రెండు రోజుల వాడకంలోనే సగం జవాబు దొరుకుతుంది. కార్డు లేకుండా మీకు ఏం లోటు కనిపించింది? టాలీ, ఎక్సెల్, యూట్యూబ్, ఆన్‌లైన్ క్లాసులు అయితే ఏ లోటూ కనిపించదు. అలాంటప్పుడు అసలు కార్డే కొనకండి. మా బావమరిదికీ అదే చెప్పాను, ఆ కార్డు నిజంగా పోయిన రోజున తీసి పక్కన పడెయ్, అంతే అని.

నాలా ఫోటోషాప్ మీద బతికేవాళ్ళకి మధ్యే మార్గం ఒకటుంది. ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో పెర్ఫార్మెన్స్, అక్కడ యూజ్ గ్రాఫిక్స్ ప్రాసెసర్ అన్న టిక్ తీసేయండి. కొన్ని ఫిల్టర్లు పనిచేయవు, జూమ్ కాస్త కుంటుతుంది, కానీ పేజీలు పూర్తవుతాయి. మాఘమాసం ముహూర్తాల నడుమ నా కార్డు పోయినప్పుడు నాలుగు ఆల్బమ్‌లు ఇలాగే ఒడ్డెక్కించాను. తొందరలో కొన్న కార్డుకి ఎప్పుడూ ఎక్కువే ఇస్తాం, ఈ టిక్ తీస్తే నెమ్మదిగా కొనుక్కునే వ్యవధి దొరుకుతుంది.

కొత్త కార్డు కొనాలనుకుంటే పాత ఎస్ఎంపీఎస్ మోయగలదా అన్నది ముందు చూడండి. మదర్‌బోర్డు స్లాట్ 75 వాట్ల వరకే ఇస్తుంది. అంతకు మించి తాగే కార్డులకి ఎస్ఎంపీఎస్ నుంచి 6 పిన్నుల వైరో 8 పిన్నుల వైరో కావాలి. ఆ వైరు మీ దానికి లేకపోతే 75 వాట్లలోపు కార్డే తీసుకోండి. కార్డు పొడవు క్యాబినెట్‌లో పడుతుందో లేదో టేపుతో కొలుచుకుని వెళ్ళండి.

సెకండ్ హ్యాండ్ కార్డుల సంగతికొస్తే నాకు అంత నమ్మకం లేదు. ఒకప్పుడు ఎథీరియమ్ అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ కోసం రాత్రీ పగలూ నడిపిన కార్డులు, 2022 సెప్టెంబర్‌లో ఆ మైనింగ్ ఆగిపోయాక బజారు మీద పడ్డాయి. పైకి తళతళా మెరుస్తుంటాయి. ఇంకోటి, ఎన్‌విడియా జీటీఎక్స్ 900, 1000 సిరీస్ కార్డులకి గేమ్ రెడీ డ్రైవర్లు, అంటే కొత్త గేముల కోసం వచ్చే డ్రైవర్లు, 2025 అక్టోబర్‌తో ఆగిపోయాయి, సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం 2028 అక్టోబర్ వరకు ఇస్తామన్నారు. చవగ్గా వస్తున్న, ఆ 1000 సిరీస్‌లోదే అయిన జీటీఎక్స్ 1050 టీఐ చూసి మనసు లాగితే ఈ తేదీలు గుర్తు తెచ్చుకోండి. కొనక తప్పకపోతే, మీ కళ్ళ ముందు అరగంట గేమ్ ఆడించి చూపిస్తేనే డబ్బులివ్వండి.

ల్యాప్‌టాప్ చిప్ పోతే

ఇక్కడే జనం ఎక్కువగా మోసపోతారు. ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్ మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది, కార్డులా ఊడదీసి మార్చేది కాదు. అందుకని షాపులో మూడు మాటలు చెబుతారు: హీట్ కొడతాం, రీబాల్ చేస్తాం, చిప్ మారుస్తాం.

హీట్ కొట్టడమంటే చిప్ మీద వేడి గాలి పోయడం. మెషీన్ లేచి కూర్చుంటుంది, మీరు సంతోషంగా ఇంటికెళ్తారు. నేనూ వెళ్ళాను. ఒక షాపులో 3,000 ఇచ్చి తెచ్చుకున్న ల్యాప్‌టాప్ సరిగ్గా మూడు వారాలకి మళ్ళీ నల్లబడింది. తిరిగి వెళితే "ఇంకోసారి కొడదాం సార్" అన్నాడు. చాలాసార్లు పగులు వచ్చేది చిప్‌కీ బోర్డుకీ మధ్య కాదు, చిప్ లోపలే, సిలికాన్ ముక్కకీ దాని అడుగు పలకకీ మధ్య ఉండే సూదిమొనంత అతుకుల్లో. వేడి చేస్తే అవి కాస్త సాగి తాత్కాలికంగా తగులుతాయి. నాలుగు రోజులు వేడెక్కి చల్లారేసరికి మళ్ళీ విడిపోతాయి. 2008 జులైలో గ్రాఫిక్స్ చిప్‌ల కంపెనీ ఎన్‌విడియా ఇలాంటి బలహీనమైన చిప్ ప్యాకేజింగ్ వల్ల పాడైన ల్యాప్‌టాప్ చిప్‌ల కోసం 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెడుతున్నట్టు ప్రకటించింది. అంత పెద్ద కంపెనీకి దొరకని వైద్యం హాట్ ఎయిర్ గన్‌లో ఉంటుందా?

రీబాల్ అంటే చిప్ పీకి, కింది సోల్డర్ గుళ్ళు కొత్తవి వేసి, అదే చిప్‌ని మళ్ళీ అతికించడం. జబ్బు లోపల ఉంటే ఇదీ వృథానే. చిప్ మార్చడం ఒక్కటే అసలైన రిపేరు. అప్పుడు కూడా కొత్త చిప్పేనా, పాత బోర్డు నుంచి పీకిందా అని అడగండి. మొహం చూస్తే జవాబు తెలిసిపోతుంది.

వీటన్నిటికంటే ముందు ఒకటి ప్రయత్నించండి. చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్, విడి చిప్, రెండూ ఉంటాయి. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద రెండు పేర్లు కనపడితే, ఎన్‌విడియా లేదా ఏఎండీ విడి చిప్ మీద రైట్ క్లిక్ చేసి డిసేబుల్ చేయండి. మెషీన్ గేములు ఆడదు గానీ మిగతా పనులన్నీ చేస్తుంది. కొన్ని మోడళ్ళలో హెచ్‌డీఎంఐ పోర్టు ఆ విడి చిప్ గుండానే వెళ్తుంది కాబట్టి బయటి మానిటర్ రాకపోవచ్చు. నా ల్యాప్‌టాప్ ఈ పద్ధతి మీద మరో ఏడాదిన్నర మా అబ్బాయి హోంవర్కులకి పనికొచ్చింది. హీట్‌కి తగలేసిన 3,000కి ముందే ఇది తెలిసుంటే బాగుండేది.

నెలలతో భాగించండి

ఇక లెక్క. షాపులో చెప్పిన ధరని వాళ్ళు రాసిచ్చే గ్యారంటీ నెలలతో భాగించండి. నోటిమాట గ్యారంటీ లెక్కలోకి రాదు, బిల్లు మీద రాయాలి. ఉదాహరణకి చిప్‌కి 4,500 అడిగి ఒక నెల గ్యారంటీ అన్నారంటే నెలకి 4,500. బోర్డు మార్చడానికి 15,000, ఆరు నెలలు అంటే నెలకి 2,500. కొత్త కార్డు 12,000, మూడేళ్ళు అంటే నెలకి 333. కొత్త ల్యాప్‌టాప్ 54,000, ఏడాది వారంటీ అనుకుంటే నెలకి 4,500 అవుతుంది, కానీ అది ఏడాదికే పోదు కదా, నాలుగేళ్ళకి వేసుకోండి, 1,125. రిపేరుకి అలా వేసుకోకూడదు. ఒకసారి పాడై బాగైన చిప్ మీద గ్యారంటీని మించి ఆశ పెట్టుకోవడం నాకు రెండుసార్లు నష్టం తెచ్చింది.

మెషీన్ వయసు కూడా చూడండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం దాదాపుగా ఇంటెల్ 8వ తరం లేదా ఏఎండీ రైజెన్ 2000 సిరీస్ ప్రాసెసర్, ఆపైవి ఉండాలి. అంతకంటే పాతదైతే బోర్డు, చిప్ రిపేర్ల మీద రూపాయి పెట్టకండి. కేబుల్, పేస్ట్, ఫ్యాను వరకూ సరే.

8వ తరం, ఆపై డెస్క్‌టాప్ అయితే కార్డు ఒక్కటే మార్చి కళ్ళు మూసుకుని ఉంచుకుంటాను. విండోస్ 11 నడిచే ల్యాప్‌టాప్ అయినా సరే, విడి చిప్ పోయి, డిసేబుల్ చేసినా లేవకపోతే బోర్డు ధర అడుగుతాను, కొత్తదాని ధరలో మూడో వంతు దాటితే వదిలేస్తాను. ఈ మూడో వంతు శాస్త్రం కాదు, నా అనుభవం.

వదిలేసే పాత మెషీన్‌ని పాత సామాన్లవాడికి కిలోల లెక్కన ఇవ్వకండి. చెడిన ల్యాప్‌టాప్‌లో కూడా స్క్రీన్, ర్యామ్, ఛార్జర్, కీబోర్డు సర్వీస్ షాపులకి కావాలి. రెండు చోట్ల అడిగితే ధర తేలుతుంది. ఇచ్చే ముందు డిస్క్ మాత్రం విప్పి ఇంట్లో పెట్టుకోండి. "ఫార్మాట్ చేసేస్తాంలెండి" అంటే, చేసుకోడానికి వేరే డిస్క్ కొనుక్కోమనండి.